ఛాయాచిత్ర శిల్పి రాజా దీన్‌దయాళ్

వైనతేయ గోదావరి సముద్రమున గలియు ఓడలరేవులో పాతపెట్టె తెరచి తాతముత్తాతల ఛాయాచిత్రములు వెలికి దీసినవారికి ఒక విషయము తెలిసియే యుండును. అట్టకు అంటించిన చిత్రము నేటికిని చదునుగ నుండును. విడికాగితముగ నున్నది తేమను బీల్చుచు, ఎండుచు, కాలక్రమమున పొగాకు చుట్టవలె చుట్టుకొనిపోవును. ఈ చిన్న భేదము వెనుక ఒక విద్య కలదు. ఆ విద్యకు సికిందరాబాదును పీఠముగ జేసి దేశమంతట ఖ్యాతి గడించినవాడు రాజా దీన్‌దయాళ్.

ఆయన 1844లో మీరటు చెంతనున్న సర్ధనాలో ఒక జైన కుటుంబమున జన్మించెను. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరున ప్రభుత్వ కట్టడముల శాఖలో అంచనాలు వేయు, నక్షలు గీయు కొలువున జేరెను. గీత వంకరపోయిన గోడ వంకరపోవునన్న జాగ్రత్త ఆ కొలువు నేర్పినదే. 1874 ప్రాంతమున ఆయన కెమెరా చేపట్టెను. ఇండోరు పాలకుడు రెండవ తుకోజీరావు హోల్కరును, ఆంగ్లేయాధికారి సర్ హెన్రీ డేలీయు ఆయనను ఆదరించిరి. తరువాత సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండమున సంచరించి తీసిన ప్రాచీన కట్టడముల చిత్రములు 1886లో గ్రంథరూపమున వెలువడినవి.

నెల తిరుగగనే జీతమందు సర్కారు కొలువును విడిచి, ప్రభువుల ఆదరణను నమ్ముకొని జీవించుట సామాన్యమైన సాహసము గాదు. దీన్‌దయాళ్ ఆ సాహసము చేసెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగ నియమించెను. సికిందరాబాదున స్టూడియో వెలసినది.

ఆ కాలమున చిత్రము తీయుటకంటె దానిని కాగితముపై నిలుపుట కష్టము. పలుచని కాగితమునకు గ్రుడ్డు తెల్లసొన పూసి, దానిపై వెండి లవణమును పట్టింతురు. గాజు నెగెటివును దానిపై నుంచి ఎండలో బెట్టుదురు. బొమ్మ తేలిన పిదప బంగారు లవణపు నీటిలో వన్నె దేర్చి, హైపో ద్రావణమున ముంచి, పలుమార్లు మంచినీట కడుగుదురు. హైపో ఏ కొంచెము మిగిలినను ఏండ్లు గడచినకొలది బొమ్మ పచ్చబడి వెలసిపోవును.

కడిగిన పిమ్మట మరియొక చిక్కు కలదు. ఎండునపుడు తెల్లసొన పొర కాగితముకంటె ఎక్కువగ ముడుచుకొనును. కాగితము పొరవైపునకు చుట్టుకొనును. కావుననే ఆనాటి స్టూడియోలలో పిండిజిగురుతో చిత్రమును దళసరి అట్టకు అంటించుట వాడుక. తెల్లసొనకు బదులు జెలటిను పొర వచ్చిన తరువాతను చిక్కు తీరలేదు. నేడు ఇంట చీకటిగదిలో అట్టి కాగితముపై చిత్రములు అచ్చువేయువారు, నీరోడ్చిన కాగితమును శుభ్రమైన వలపై బొమ్మ క్రిందుగ బరచి, తొందరపడక నీడన ఆరనిత్తురు. ఆరినదానిని అద్దుడు కాగితముల నడుమ బెట్టి, పైన బరువుంచి, దినములకొలది కదల్పక విడిచెదరు.

దీన్‌దయాళ్ కీర్తి నానాట పెరిగెను. ఘోషా స్త్రీలకొరకు 1892లో హైదరాబాదున ప్రత్యేకముగ ఒక స్టూడియో తెరచి, దాని నిర్వహణమును ఒక ఆంగ్లేయ మహిళకు అప్పగించెను. 1896లో బొంబాయిలో మరియొకటి నెలకొల్పెను. నిజాము ఆయనకు రాజా బహాదుర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదు నొసగెను. రాజదర్బారులు, వేటలు, కోటలు మాత్రమేగాక, కరవునాటి సహాయక కార్యములను సైతము ఆయన స్టూడియో చిత్రించెను. పనిలో తోడుగనున్న కుమారులలో ధర్మచంద్ 1904లో గతించెను. ఆ మరుసటి యేడే, 1905లో, దీన్‌దయాళ్ బొంబాయిలో కన్నుమూసెను. 1911లో మహబూబ్ అలీఖాన్ కాలధర్మము నొందెను. ప్రభువుల ఆదరణపై నిలిచిన వ్యాపారము పూర్వవైభవమును మరల జూడలేదు.

చిత్రములు మాత్రము నిలిచినవి. 1989లో ఆయన గాజు నెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. 2006లో తపాలాశాఖ ఆయన స్మారకముగ బిళ్ల విడుదల చేసెను. చిత్రముల క్రింద ఆయన పేరొక్కటే కలదు. ఎండలో చట్రములు మోసినవారు, నీళ్లు మార్చినవారు, అట్టలకు అంటించినవారు ఎందరో పేరులేక మిగిలిరి. వారి ఓర్పు లేనిచో ఆ పేరును నేడు మనము చదువలేము.

మన యిండ్లలో చుట్టుకొనియున్న పాత చిత్రములను విద్యార్థులు బలవంతముగ విప్పరాదు. పొర పగిలి ముఖములే చెదరిపోవును. అంటుటేపులు వేయరాదు. తేమ తగులని పొడిచోట, శుభ్రమైన కాగితము చుట్టి భద్రపరుపవలెను. వాని వెనుక, అట్ట అంచున, మెత్తని పెన్సిలుతో అందలి వారి పేర్లు వ్రాసియుంచుట మంచిది. ఆ పేర్లు చెప్పగల పెద్దలు ఇంట నుండగనే ఆ పని చేయవలెను.