నీలి అద్దం వెనక సినిమా

ఒక్క షాట్ కూడా తీయకుండా సినిమా చేసిన మనిషి గురించి ఈసారి మన పత్రికలో రాద్దామనుకున్నాను. పేరు జోసెఫ్ కార్నెల్. ఆధునిక చిత్రకళ మీద ఆసక్తి ఉన్నవాళ్లకి ఆయన గాజుపెట్టెల కళాకారుడిగా తెలుసు. చిన్న చెక్కపెట్టె, ముందు అద్దం, లోపల ఒక పాత పటం, పక్షి బొమ్మ, గాజు గ్లాసు, చిన్న బంతి. అంతే. ఆయన ఏ ఆర్ట్ కాలేజీలోనూ చదవలేదు, బొమ్మలు గీయడమో శిల్పం చెక్కడమో ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇంకొకళ్లు వద్దనుకున్నవి ఏరుకొచ్చి, ఏది దేని పక్కన ఉండాలో చూసి పెట్టడమే ఆయన విద్య. ఆ విద్యనే సినిమా రీలు మీద కూడా చూపించాడు. మన ఫోన్లలో రోజూ తిరిగే హీరో ఎడిట్లకీ మాషప్‌లకీ ఒకరకంగా తాతగారు అనుకోవచ్చు.

కార్నెల్ 1903 డిసెంబర్ 24న అమెరికాలో, న్యూయార్క్ నగరానికి ఉత్తరాన హడ్సన్ నది ఒడ్డున ఉన్న నయాక్ అనే ఊళ్లో పుట్టాడు. నలుగురు పిల్లల్లో పెద్దవాడు. తర్వాత ఇద్దరు చెల్లెళ్లు, ఆఖరున 1910లో తమ్ముడు రాబర్ట్. రాబర్ట్‌కి సెరెబ్రల్ పాల్సీ. నడవలేడు, మాట స్పష్టంగా రాదు. తండ్రిది బట్టల వ్యాపారంలో ఉద్యోగం. 1917లో ఆయన లుకేమియాతో పోయాడు. అప్పటికి జోసెఫ్‌కి 13 ఏళ్లు. అదే ఏడాది ఆండోవర్‌లోని పేరున్న బడిలో చేరాడు కానీ, 1921లో డిప్లొమా లేకుండానే బయటికొచ్చాడు. ఇంటికి పెద్దకొడుకు కదా, వచ్చిన వెంటనే మన్‌హట్టన్‌లో ఒక ఉన్ని బట్టల కంపెనీలో సేల్స్‌మన్‌గా చేరాడు. పదేళ్లు శాంపిల్ సంచీ మోసుకుని షాపు షాపుకీ తిరిగాడు.

మొహమాటస్తుడికి అమ్మకాల ఉద్యోగం ఎంత నరకమో ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూల్లో చెమటలు పట్టిన మనలో చాలామందికి చెప్పక్కర్లేదు. అయితే ఆ తిరుగుడే ఆయనకి చదువైంది. ఒక షాపుకీ ఇంకో షాపుకీ మధ్య దొరికిన ఖాళీలో పాత పుస్తకాల కొట్లు, పాత సామాన్ల కొట్లు, ఒపేరా, బాలే, సినిమా హాళ్లు, ఏదీ వదల్లేదు. కొన్నవన్నీ ఇంటికి మోసుకెళ్లి ఫైళ్లలో, అట్టపెట్టెల్లో సర్దుకునేవాడు. 1929లో ఆ కుటుంబం క్వీన్స్ ప్రాంతంలో, యుటోపియా పార్క్‌వే అనే వీధిలో ఒక మామూలు చెక్క ఇంట్లోకి మారింది. తల్లి, తమ్ముడు, తను. పెళ్లి చేసుకోలేదు. చివరి వరకూ అదే ఇల్లు.

ఆర్థిక మాంద్యంలో 1931లో ఆ ఉద్యోగం పోయింది. ఆ రోజుల్లోనే న్యూయార్క్‌లో జూలియన్ లెవీ అనే ఆయన కొత్తగా తెరిచిన గ్యాలరీలోకి అడుగుపెట్టాడు. అక్కడ మాక్స్ ఎర్నెస్ట్ కొలాజ్‌లు చూశాడు. పాత పుస్తకాల్లోని బొమ్మల్ని కత్తిరించి, వాటినే వేరే రకంగా అతికించి చేసినవి అవి. ఇంటికి వెళ్లి తనూ కత్తెర పట్టుకున్నాడు. రాత్రి అమ్మా తమ్ముడూ పడుకున్నాక వంటింటి బల్ల మీద పని. 1932 జనవరిలో లెవీ పెట్టిన సర్రియలిస్టు ప్రదర్శనలో ఆయన కొలాజ్‌లు కూడా ఉన్నాయి. కడుపు నింపుకోవడానికి 1934 నుంచి 1940 వరకు మళ్లీ బట్టల డిజైన్ల కంపెనీలో ఉద్యోగం చేశాడు.

ఇప్పుడు సినిమా దగ్గరికొద్దాం. 1923లో కోడాక్ కంపెనీ ఇళ్లల్లో వాడుకోవడానికి 16 మిల్లీమీటర్ల ఫిల్మ్ తెచ్చింది. అప్పట్లో హాళ్లలో ఆడే 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ నైట్రేట్‌తో చేసేవారు. నిప్పు అంటుకుంటే ఆర్పడం దాదాపు అసాధ్యం. 16 మిల్లీమీటర్లది మాత్రం మొదటి నుంచీ సులువుగా మండని అసిటేట్ మీదే వచ్చింది. అందుకే హాల్లో యంత్రం నడిచే గదికి పరిమితమైన సినిమా ఇంట్లో ముందుగదిలోకి రాగలిగింది. టాకీలు వచ్చాక మూకీలు ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి. కార్నెల్ ఆ పాత రీళ్లని చవగ్గా కొనేవాడు. ఇంట్లో ప్రొజెక్టర్ పెట్టి రాబర్ట్‌కి చూపించేవాడు.

అలా చేతికొచ్చిన వాటిలో ఈస్ట్ ఆఫ్ బోర్నియో ఒకటి. 1931లో యూనివర్సల్ వాళ్లు తీసిన టాకీ, దర్శకుడు జార్జ్ మెల్ఫోర్డ్. తప్పిపోయిన భర్తని వెతుక్కుంటూ ఒక భార్య అడవిలోకి వెళ్తుంది. అక్కడ మొసళ్లు, ఒక రాజు, చివర్లో పేలే అగ్నిపర్వతం. గంటకు పైగా సాగే సాదాసీదా సాహస కథ. ఆ భార్య పాత్ర వేసిన నటి పేరు రోజ్ హోబార్ట్. కార్నెల్ చూపు కథ మీద కాదు, ఆమె మీద ఆగింది. ఆ రీలుని ముక్కలు చేసి, ఎక్కువగా ఆమె ఉన్న షాట్లే ఏరి, వేరే చోట దొరికిన కొన్ని ముక్కలు కలిపి, 19 నిమిషాల సినిమా చేశాడు. దానికి ఆ నటి పేరే పెట్టాడు: రోజ్ హోబార్ట్. సంవత్సరం 1936.

ఇక్కడ కొంచెం మన భాషలో మాట్లాడుకుందాం. 16 మిల్లీమీటర్ల ఫిల్మ్‌లో అడుగుకి 40 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము సుమారు 10 మిల్లీమీటర్ల వెడల్పు, 7.5 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే చిటికెన వేలి గోరంత. ఆ సైజులో ముఖకవళికలు చూసి ఎక్కడ కోయాలో తేల్చుకోవాలి. కోశాక ఒక ముక్క అంచు మీదున్న ఎమల్షన్ పొరని గీకి, సిమెంటు అనే ద్రావకం రాసి, రెండో ముక్కని దాని మీద ఉంచి నొక్కాలి. అసిటేట్ కరిగి రెండూ ఒకటవుతాయి. అతుకు నచ్చకపోతే మళ్లీ కోయాలి, ప్రతిసారీ ఫ్రేములు పోతాయి. కంట్రోల్ జెడ్ లేదు.

ఇంకో చిక్కుంది. 16 మిల్లీమీటర్ల టాకీ ప్రింట్లలో శబ్దం తన బొమ్మ పక్కనే ఉండదు, 26 ఫ్రేములు ముందు ఉంటుంది. గేటు దగ్గర ఫిల్మ్ ఫ్రేము ఫ్రేముకీ ఆగి కదలాలి, శబ్దం చదివే చోట మాత్రం ఆగకుండా పోవాలి. అందుకే ఆ దూరం. షాట్‌ని కోస్తే దాని శబ్దం సెకనుకు పైగా తేడాతో వేరే షాట్ మీద పడుతుంది. కార్నెల్ మాటల్ని పూర్తిగా తీసేశాడు. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున తీసిన టాకీని మూకీల వేగంలో, అంటే సుమారు 16 ఫ్రేముల చొప్పున తిప్పాడు. లెక్క వేయండి: ఒక సెకను కదలిక ఒకటిన్నర సెకన్లు పడుతుంది. ఆమె తల తిప్పినా, తెర పక్కకి జరిపినా నీళ్లలో కదిలినట్టు ఉంటుంది. ప్రొజెక్టర్ వెలుగుకి అడ్డంగా ముదురు నీలం అద్దం పెట్టాడు. మూకీల్లో రాత్రి దృశ్యాలకి నీలం రంగు వేయడం అలవాటే. ఈయన మొత్తం సినిమానే రాత్రి చేసేశాడు. వెనక బ్రెజిల్ సంగీతం రికార్డు.

కథ ఏమైందంటారా? అడవి ఉంది, ప్రయాణం లేదు. ఆమె ఎవరినో చూస్తుంది, ఎవరినో మనకి తెలియదు. ఒక షాట్‌కీ తర్వాతి షాట్‌కీ ఆమె బట్టలు మారిపోతాయి. గ్రహణం చూస్తున్న జనం కనిపిస్తారు, గుండ్రటి వస్తువేదో నీళ్లలో పడి వలయాలు లేస్తాయి. కారణం ఒక చోట, ఫలితం ఇంకో చోట. మామూలు ఎడిటింగ్ అతుకుని దాచడానికి చూస్తుంది. ఇది అతుకునే చూడమంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు పది నిమిషాలకి విసుగొచ్చింది. రెండోసారి చూసినప్పుడు, నిద్రలేచాక గుర్తుండీ గుర్తుండని కలలాగా పట్టుకుంది.

1936 డిసెంబర్‌లో లెవీ గ్యాలరీలో ఈ సినిమా వేశారు. అదే నెలలో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో సర్రియలిస్టుల పెద్ద ప్రదర్శన మొదలైంది. అందుకని సాల్వడార్ డాలీ ఊళ్లోనే ఉన్నాడు, ఈ ఆటకి వచ్చాడు. కళాచరిత్రలో చెప్పుకునే కథ ఏంటంటే, సినిమా మధ్యలో డాలీ కోపంతో ఊగిపోతూ లేచి ప్రొజెక్టర్‌ని తన్ని పడేశాడు. ఇలాంటి సినిమా చేయాలన్న ఆలోచన తనదేననీ, ఎవరికీ చెప్పలేదు గానీ కార్నెల్ దాన్ని తన మనసులోంచి దొంగిలించాడనీ అతని ఆరోపణ. ప్రపంచ ప్రఖ్యాతుడు ఒకవైపు, వంటింటి బల్ల మీద పనిచేసే మొహమాటస్తుడు ఇంకోవైపు. కార్నెల్ బెదిరిపోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు తన సినిమాలు బయట చూపించడమే దాదాపు మానేశాడు.

నాకు ఈ ఘట్టం దగ్గరే ఎక్కువసేపు ఆలోచన ఆగింది. దొంగతనమా కాదా? డాలీ ఆరోపణ పక్కన పెట్టండి, ఆలోచనని ఎవరూ మనసులోంచి ఎత్తుకుపోలేరు. అసలు ప్రశ్న వేరే. వెలుగు పెట్టింది ఎవరో, కెమెరా తిప్పింది ఎవరో, నటించింది ఎవరో. కార్నెల్ చేసింది ఏరడం, వదిలేయడం, వరుస మార్చడం. అది సొంత పని అవుతుందా? అవుతుందనే నా అభిప్రాయం. ఎందుకంటే ఆ గంట సినిమా కోట్లమంది చూసినా ఈ 19 నిమిషాలు ఇంకెవరికీ కనిపించలేదు. కానీ దానితో పాటు ఇంకోటీ గమనించాలి. ఆయన తన సినిమా నెత్తిన ఆ నటి పేరే పెట్టాడు. తీసుకున్నది ఎవరి దగ్గరో దాచలేదు. మన ఎడిట్ల కింద మన పేరు పెద్దగా వేసుకుంటాం, కెమెరామన్ పేరు ఎంతమందికి గుర్తొస్తుంది?

ఆయన జీవితం గురించి రాసినవాళ్లు సాధారణంగా ఒక మాట జాలిగా చెబుతారు: అమెరికా దాటి వెళ్లలేదు, న్యూయార్క్ పరిసరాలు దాటిందే తక్కువ, తల్లికీ తమ్ముడికీ బతుకంతా ఇచ్చేశాడు అని. మా ఇంట్లో నాయనమ్మ మూడేళ్లుగా మంచం మీదే ఉంది. అమ్మ ఈ మూడేళ్లలో ఒక పెళ్లికి కూడా రాత్రి ఉండేలా వెళ్లలేదు. అందుకే నాకు ఆ జాలి అంత నచ్చదు. ఆ పెట్టెల్లో పారిస్ హోటళ్ల పేర్లు, నక్షత్ర పటాలు, పంజరం వదిలిన పక్షులు ఎందుకున్నాయో కదల్లేని మనిషి పక్కన రోజూ కూర్చున్నవాళ్లకి తెలుస్తుంది. తమ్ముడు బయటికి పోలేడు కాబట్టి లోకాన్ని పెట్టెలోకి, తెర మీదికి తెచ్చాడు.

సినిమాలు చూపించడం మానేశాడు కానీ చేయడం మానలేదు. పిల్లల పార్టీల మీద దొరికిన ముక్కలతో మూడు చిన్న సినిమాలు మొదలుపెట్టి దగ్గరే ఉంచుకున్నాడు. వాటిని చాలా ఏళ్లకి ల్యారీ జోర్డన్ అనే యువ దర్శకుడు పూర్తిచేసిపెట్టాడు. 1955లో న్యూయార్క్‌లో థర్డ్ అవెన్యూ మీద నడిచే ఎత్తు రైలుని ఆపేస్తున్నారని తెలిసి, 22 ఏళ్ల స్టాన్ బ్రాకేజ్ చేత దాన్ని ఫిల్మ్ మీదికి ఎక్కించాడు. బ్రాకేజ్ దానికి ద వండర్ రింగ్ అని పేరు పెట్టాడు. కార్నెల్ అదే ఫిల్మ్‌ని తిరగేసి, ఆ పేరు అక్షరాల్ని కూడా వెనక నుంచి రాసి ఇంకో సినిమా చేశాడు.

1965లో రాబర్ట్ పోయాడు. మరుసటి ఏడాది తల్లి పోయింది. ఇల్లు ఖాళీ అయింది. సరిగ్గా అప్పుడే పేరొచ్చింది, 1967లో గుగెన్‌హైమ్ మ్యూజియం పెద్ద ప్రదర్శన పెట్టింది. 1969లో రోజ్ హోబార్ట్‌కి కొత్త ప్రింటు తీస్తున్నప్పుడు నీలానికి బదులు గులాబీ ఛాయ ఎంచుకున్నాడు. 33 ఏళ్ల తర్వాత కూడా ఆయనకి ఆ సినిమా పూర్తయినట్టు అనిపించలేదన్నమాట. 2001లో అమెరికా ప్రభుత్వం దాన్ని జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చింది. అది చూడ్డానికి ఆయన లేడు. 1972 డిసెంబర్ 29న, 69 నిండిన అయిదు రోజులకి, ఆ ఇంట్లోనే గుండె ఆగి పోయాడు.

అదే ఏడాది మొదట్లో ఆయన చివరి ప్రదర్శనల్లో ఒకటి న్యూయార్క్‌లోని కూపర్ యూనియన్ కాలేజీలో జరిగింది. అది పిల్లల కోసం. పెట్టెల్ని గోడ మీద బాగా కిందికి, పిల్లల కళ్లకి అందే ఎత్తులో పెట్టించాడు. ప్రారంభం రోజున వచ్చినవాళ్లకి వైన్ కాకుండా బ్రౌనీలూ చెర్రీ కోలా ఇచ్చారు. పెద్దవాళ్లు చూడాలంటే వంగాల్సి వచ్చింది.