జాషువా ఎందుకు శివుడికే మొరపెట్టుకున్నారు?

వినుకొండలో ఒకసారి కొప్పరపు కవుల అవధానం జరిగింది. యువకుడిగా ఉన్న గుర్రం జాషువా వారిని మెచ్చుకుంటూ పద్యాలు రాసి, ఒక మిత్రుడి చేత వారికి అందజేశారు. తక్కువ కులంవాడు సభలోకి వచ్చాడంటూ కొందరు ఆయన్ని అవమానించారు. అటుపక్క, హిందువుల్లో కలిశాడని క్రైస్తవ మతపెద్దలు వెలివేశారు. జాషువా నిరాశకూ నమ్మకానికీ మూలం ఈ రెండు వెలివేతల్లో ఉందని మేము అనుకుంటున్నాం.

ఆయన 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టారు. తల్లి లింగమ్మ మాదిగ, తండ్రి వీరయ్య యాదవ. పొట్టకూటికి రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పారు, గుంటూరులో పంతులుగా పనిచేశారు. 1932లో వచ్చిన 'ఫిరదౌసి'లో, బంగారు నాణేలిస్తానని మాటిచ్చి వెండితో సరిపెట్టిన సుల్తాను చేతిలో మోసపోయిన కవి కథ చెప్పారు.

1941లో 'గబ్బిలం' వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘంతో ప్రేయసికి కబురు పంపితే, జాషువా అంటరాని కథానాయకుడు తన ఆకలినీ అవమానాన్నీ శివుడికి చెప్పమని గబ్బిలాన్ని బతిమాలుకున్నాడు. ఎందుకంటే తనను రానివ్వని గుడిలో అపశకునపు పిట్టకు అడ్డులేదు.

ఇక్కడే ఇవాళ్టి విద్యార్థులు ఒక ప్రశ్న వేస్తారు. హిందువుగా చావనని అంబేడ్కర్ 1935లోనే ప్రకటించారు కదా, ఆరేళ్ల తర్వాత కూడా ఈ కవి శివుడికే ఎందుకు మొరపెట్టుకున్నారు? ప్రశ్న న్యాయమైనదే. జాషువా దారి అంబేడ్కర్ దారి కాదు, రెంటినీ ఒకటి చేసి చూపాల్సిన పని లేదు. కానీ ఆ మొరను భక్తుడి వేడుకోలుగా మాత్రమే చదివితే సగం పోతుంది. శివుడి పేరు మీద రాసినా అది చేరింది మనుషులకే. గుడిలో గబ్బిలానికున్న చోటు మనిషికి ఎందుకు లేదో జవాబు చెప్పాల్సింది కూడా వాళ్లే.

తనను వెలివేసిన మతంతోనూ ఆయన అలాగే మెలిగారు. మతపెద్దల మీద కోపంతో క్రీస్తును వదులుకోలేదు. 'క్రీస్తు చరిత్ర' రాశారు, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అదే ఏడాది శాసనమండలి సభ్యులయ్యారు. 1970లో పద్మభూషణ్ అందింది. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశారు.

ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో 'గబ్బిలం' కరుణరసానికి ఉదాహరణగా మిగిలిపోతోంది. చదివి జాలిపడితే పరీక్ష రాయొచ్చు. కానీ జాషువా అడిగింది జాలి కాదు, లెక్క. ఆ పాఠం చెప్పే ప్రతి తరగతిలో, తలుపు మూసిందెవరన్న ప్రశ్న కూడా విద్యార్థుల ముందు పెట్టాలని అధ్యాపక మిత్రులను కోరుతున్నాం.