జనరల్ యాన్ స్మట్స్ జీవితము

మన తాతముత్తాతలు నేటాలు చెఱకుతోటలలో కూలి చేసిన కాలమున ఈ దేశపు అధికారము నడపినవారిలో జనరల్ యాన్ క్రిస్టియాన్ స్మట్స్ ముఖ్యుడు. మన కుటుంబముల కష్టసుఖములు ఈయన చరిత్రతో ముడివడియున్నవి.

స్మట్స్ 1870 మే 24వ తేదీన కేప్ కాలనీలో రీబెక్ వెస్ట్ సమీపమున ఒక రైతు ఇంట జన్మించెను. పండ్రెండేండ్లు వచ్చువఱకు బడి మొగము చూడలేదు. అన్న మరణించిన పిమ్మట ఆయనను చదువునకు పంపిరి. కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రమున అగ్రస్థానము పొందెను. ఆలస్యముగా చదువు మొదలిడిన పిల్లలను చులకన చేయు ఉపాధ్యాయులు ఈ సంగతి గమనింతురుగాక! 1899లో మొదలైన బోయరు యుద్ధమున బ్రిటిషువారితో పోరాడెను. 1941లో ఆ బ్రిటిషు సైన్యమునకే ఫీల్డ్ మార్షల్ అయ్యెను.

ట్రాన్స్‌వాల్‌లో భారతీయులు వ్రేలిముద్రలు వేసి నమోదు కావలెనను చట్టమును అమలుపఱచి, గాంధీ మహాత్ముని చెఱలో పెట్టించినవాడు ఈయనే. నేటాలులో ఒప్పందము ముగిసినను నిలిచిపోయిన కూలీలు 1895 నాటి చట్టము వలన ఏటేట 3 పౌండ్ల పన్ను కట్టవలసియుండెను. ఒప్పందపు మొదటి యేట నెలజీతము 10 షిల్లింగులు మాత్రమే. అనగా ఆరునెలల కష్టము పన్నుకే సరి! 1913లో న్యూకాసిల్ బొగ్గుగనులలో మొదలైన సమ్మె చెఱకుతోటలకు వ్యాపించెను. కొందరు కాల్పులలో ప్రాణములు విడిచిరి. తుదకు 1914లో స్మట్స్ గాంధీతో ఒడంబడికకు వచ్చెను. పన్ను రద్దయ్యెను, మన ఆచారము ప్రకారము జరిగిన వివాహములకు చట్టపు గుర్తింపు కలిగెను. చెఱసాలలో గాంధీ కుట్టిన చెప్పులను స్మట్స్ కానుకగా గ్రహించి, 1939లో ఆయన డెబ్బదవ పుట్టినరోజు సందర్భమున తిరిగి పంపెను.

1939 సెప్టెంబరు 4న యుద్ధమున చేరుటనుగూర్చి పార్లమెంటులో వాదము జరిగెను. తటస్థముగా నుండవలెనన్న ప్రధాని హెర్ట్‌జోగ్‌కు 67, స్మట్స్‌కు 80 ఓట్లు వచ్చెను. ఆ పదుమూడు ఓట్ల ఆధిక్యముతో స్మట్స్ ప్రధాని అయి, దేశమును హిట్లరుపై యుద్ధమునకు నడిపెను.

1945లో ఐక్యరాజ్యసమితి ప్రమాణపత్రపు పీఠికకు మొదటి ముసాయిదా ఈయనదే. మానవుల మౌలిక హక్కుల ప్రసక్తి అందున్నది. మరుసటి యేడే భారతీయులు ఎచ్చట భూమి కొనవచ్చునో, ఎచ్చట నివసింపవచ్చునో నిర్బంధించు చట్టమును తెచ్చెను. మనవారు దానిని ఘెట్టో చట్టమనిరి. డర్బనులో గేల్ వీధి మూలనున్న ఖాళీస్థలమున గుడారములు వేసి, సత్యాగ్రహము చేసి, స్త్రీలు సైతము చెఱకు పోయిరి. భారతదేశము ఈ వివాదమును ఐక్యరాజ్యసమితి ముందుంచగా, తాను నిర్మించిన సభలోనే స్మట్స్ సమాధానము చెప్పుకొనవలసివచ్చెను. ఆయన మేధావియే, ధైర్యశాలియే. కాని ఆఫ్రికావాసులను, మనవారిని తనతో సమానులుగా ఎన్నడును ఎంచలేదు. ఆయన కీర్తిని వర్ణించు గ్రంథములు పెక్కు ఈ విషయమును తొందరగా దాటిపోవుచున్నవి.

1948 ఎన్నికలలో ఆయన పక్షము ఓడెను; స్టాండర్టన్‌లో తన స్థానము సైతము పోయెను. గెలిచిన నేషనల్ పార్టీ వర్ణవివక్షనే రాజ్యవిధానముగా చేసెను. స్మట్స్ 1950 సెప్టెంబరు 11న, ప్రిటోరియా సమీపమున ఐరీన్‌లో, తాను చిరకాలము నివసించిన రేకుల ఇంట కన్నుమూసెను.