రయీసుల్ అహ్రార్ మౌలానా హస్రత్ మోహానీ

ఉర్దూ తెలిసిన ఇళ్ళలో హస్రత్ మోహానీ పేరు విననివారు అరుదు. 1982లో వచ్చిన నికాహ్ సినిమాలో గులాం అలీ పాడిన గజల్ ఈయనదే. ఉర్దూ రానివాళ్ళు సైతం దాన్ని కూనిరాగం తీస్తుంటారు. ఆ గజల్ రాసిన చేతులే జైల్లో తిరగలి తిప్పాయని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? స్కూల్లో పాఠం గజల్ వరకే ఉంటుంది. జైలు సంగతి పెద్దలమే చెప్పాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

మౌలానా అసలు పేరు సయ్యద్ ఫజలుల్ హసన్. హస్రత్ అనేది తఖల్లుస్, అంటే కలం పేరు. ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా మోహాన్ కస్బా ఆయన సొంత ఊరు కనుక మోహానీ అయినారు. అలీగఢ్ కాలేజీలో చదివి 1903లో బి.ఏ. పూర్తిచేశారు. ఆ రోజుల్లో అలీగఢ్ బి.ఏ. అంటే సర్కారు కొలువు ఎదురువచ్చేది. ఈయన అటు చూడలేదు. అదే సంవత్సరం ఉర్దూ-ఎ-ముఅల్లా అనే పత్రిక పెట్టారు. పాత కవుల దీవాన్లు వెదికి తెచ్చి అచ్చు వేయడం ఒక పని, రాజకీయాలు రాయడం ఇంకో పని. కాంగ్రెసులో చేరి బాలగంగాధర తిలక్‌ను గురువుగా ఎంచుకున్నారు. 1907లో సూరత్ కాంగ్రెసులో చీలిక వచ్చినప్పుడు తిలక్ వెంటే బయటికి నడిచారు.

1908లో ఆయన పత్రికలో ఈజిప్టులో ఇంగ్లీషువారి విధానాన్ని విమర్శిస్తూ ఒక వ్యాసం వచ్చింది. రాసినవారి పేరు వేయలేదు. వ్యాసం మౌలానాది కాదు. కానీ ప్రభుత్వం రాజద్రోహం కేసు పెట్టి ఆయన్ను పట్టుకుంది.

ఈ రాజద్రోహం ఏమిటో కాస్త చెప్పుకోవాలి. ఇండియన్ పీనల్ కోడ్‌లో 1870లో చేర్చిన సెక్షన్ 124-ఎ అది. ప్రభుత్వంపై జనానికి ద్వేషం గాని, విముఖత గాని కలిగించేలా మాట్లాడినా రాసినా దాని కింద నేరమయ్యేది. దొంగతనం కేసులో పోయిన సొమ్ము ఉంటుంది, ఖూనీ కేసులో పోయిన ప్రాణం ఉంటుంది. ఇక్కడ చూపించవలసింది జనం మనసులో పుట్టే అయిష్టం! దానికి కొలత ఎక్కడిది? ఇదే సెక్షన్ కింద అదే 1908 జులైలో తిలక్‌కు ఆరేళ్ళ ప్రవాస శిక్ష వేసి మాండలే పంపించారు. మరునెల ఆగస్టులో శిష్యుడి వంతు వచ్చింది.

వ్యాసం రాసిందెవరో చెప్పమని అడిగారు. మౌలానా చెప్పలేదు. పత్రిక నాది, అచ్చువేసింది నేను, జవాబుదారీ నాదేనని నిలబడ్డారు. నిజానికి చట్టం ప్రకారం ఆ మాట తప్పు కాదు. అచ్చయిన దానికి సంపాదకుడు బాధ్యుడే. కాబట్టి కోర్టు చేతికి కావలసిన ముద్దాయి దొరికాడు. అలీగఢ్ పెద్దలు చాలామంది ఆయన పక్కన నిలబడటానికి వెనకాడారు. ఒక్క పేరు బయటపెడితే భారం సగమైనా ఇంకొకరి మీదికి పోయేది. అయినా రాసినవాడి పేరు ఆయన నోట రాలేదు. రెండేళ్ళ కఠిన శిక్ష, 500 రూపాయల జుర్మానా పడ్డాయి. అప్పీలులో శిక్ష ఏడాదికి తగ్గింది.

అప్పట్లో రాజకీయ ఖైదీలని వేరే లెక్క లేదు. మౌలానాకు కూడా మామూలు దొంగలకిచ్చే నిక్కరు, కురచ చొక్కా, టోపీ ఇచ్చారు. అలహాబాద్ దగ్గర నైనీ జైల్లో ఆయనకు పడిన పని చక్కీ. రోజుకు ఒక మన్, అంటే ఇంచుమించు 37 కిలోల గింజలు విసరాలి. కలం తప్ప ఇంకేదీ పట్టని బి.ఏ. పట్టభద్రుడు కదా, అరచేతులు ఏమై ఉంటాయో ఊహించుకోండి. ఆ నెలల్లోనే రంజాన్ వచ్చింది. సహరీకి లేపి వడ్డించేవాళ్ళు లేరు. అయినా రోజాలు వదలలేదు. తిరగలి తిప్పుతూనే షేర్లు కట్టుకొని మనసులో దాచుకునేవారు. ఆ జైలు అనుభవాలను బయటికి వచ్చాక తన పత్రికలోనే రాశారు.

ఇక జుర్మానా. కట్టడానికి డబ్బు లేదు. ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి కూడబెట్టిన గ్రంథాలయాన్ని ప్రభుత్వం వేలం వేసింది. అరుదైన దీవాన్లు, పాత తజ్కిరాలు అగ్గువకు పోయినాయి. శిక్ష ఏడాదిలో తీరిపోయింది గాని, ఆ పుస్తకాలు మళ్ళీ రాలేదు. ఉర్దూ పంతులుగా నాకు జైలు కన్నా ఆ వేలమే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

బేగం నిషాతున్నిసా గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. భర్తను పట్టుకుపోయిన నాడు ఇంట్లో చంటిబిడ్డ జబ్బుతో ఉంది. ఆమె జైలుకు ఉత్తరం పంపారు. ఇంటిగురించి దిగులు పడవద్దనీ, వచ్చిన ఆపదను ధైర్యంగా భరించమనీ, ఏ బలహీనతా చూపవద్దనీ దాని సారాంశం. మౌలానా తర్వాత స్వదేశీ బట్టల దుకాణం పెట్టారు. 1916లో ప్రభుత్వం ఫలానా చోటే ఉండాలని నిర్బంధ ఉత్తర్వు ఇస్తే ఒప్పుకోలేదు, దానికి మళ్ళీ రెండేళ్ళు జైలు. అప్పుడు లక్నో నుంచి ఒక హిందూ మిత్రుడు ఇంటికి వచ్చి, ఆమె పడుతున్న ఇబ్బంది చూసి డబ్బు సాయం చేస్తానన్నారు. ఆమె తీసుకోలేదు. అచ్చయిన దీవాన్లు ఇంట్లో గుట్టగా పడి ఉన్నాయి, వాటిని లక్నోలో అమ్మిపెడితే చాలన్నారు. సాయం వద్దనడంలో కూడా ఎంత మర్యాద చూడండి!

1921 డిసెంబరులో అహ్మదాబాద్ కాంగ్రెసు. మౌలానా లేచి స్వరాజ్యమంటే పరాయి పెత్తనం ఏమాత్రం లేని సంపూర్ణ స్వాతంత్ర్యమని తీర్మానం పెట్టారు. గాంధీజీ దాన్ని వ్యతిరేకించారు, తీర్మానం ఓడిపోయింది. అంతటి మహాత్ముడు కాదన్నా ఈయన వెనక్కి తగ్గలేదు. ఆ మాటనే కాంగ్రెసు 1929లో లాహోరులో తనదిగా చేసుకుంది. అదే అహ్మదాబాదులో ముస్లిం లీగు సభకు అధ్యక్షత వహించి చేసిన ప్రసంగం మీద 1922లో మళ్ళీ కేసు. ఈసారి రాజద్రోహమే కాదు, చక్రవర్తిపై యుద్ధం అనే నేరం కూడా మోపారు. దానికి ఉరి దాకా పోవచ్చు. ఆ పెద్ద నేరం బొంబాయి హైకోర్టులో నిలవలేదు. రాజద్రోహం కింద రెండేళ్ళు పడ్డాయి. 1924లో గాని బయటికి రాలేదు.

నమ్మకాల విషయంలో ఈయన ఎవరి లెక్కకూ అందరు. ఫిరంగీ మహల్ పీర్లకు మురీదు, నమాజు తప్పని మనిషి, ఎన్నోసార్లు హజ్‌కు వెళ్ళారు. శ్రీకృష్ణునిపై ప్రేమతో కవితలు రాసి మథురకు కూడా పోయేవారు. 1925లో కాన్పూరులో కమ్యూనిస్టుల మహాసభకు ఆహ్వాన సంఘం అధ్యక్షులు. ఇవన్నీ ఒక్క మనిషిలో ఎలా ఇమిడాయని చాలామంది విసుక్కున్నారు. నాకూ అన్నీ మింగుడు పడవు. కానీ ఏ ఒక్కటీ లాభం కోసం పట్టుకున్నది కాదు, భయంతో వదిలిందీ లేదు.

1937లో బేగం పోయారు. 1946లో యు.పి. నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికైనారు. దేశవిభజన జరిగాక లీగు నాయకులెందరో సరిహద్దు దాటారు, మౌలానా ఇక్కడే ఉండిపోయారు. ఢిల్లీలో మసీదులో బస చేసేవారనీ, రైల్లో థర్డ్ క్లాసులోనే వచ్చేవారనీ, సభ్యుల భత్యం ముట్టలేదనీ చెప్పుకుంటారు. తయారైన రాజ్యాంగం తన మనసుకు ఒప్పలేదు, అందుకని దానిపై సంతకం చేయలేదు. స్వతంత్ర దేశంలో అందుకు ఎవరూ కేసు పెట్టలేదు.

1951 మే 13న మౌలానా లక్నోలో ఇంతెకాల్ అయినారు. ఫిరంగీ మహల్ బుజుర్గుల ఖబ్రస్తాన్ బాగ్-ఎ-మౌలానా అన్వర్‌లో దఫన్ చేశారు.