డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895వ సంవత్సరమున భీమవరమునందు జన్మించెను. ఆయన యౌవనమున నుండగా సోదరుడు స్ప్రూ అను పేగువ్యాధితో మరణించెను. ఆ వ్యాధికి మందు కనుగొనవలెనను పట్టుదల ఆయన హృదయమున నాటుకొనెను.

మద్రాసులో వైద్యవిద్య ముగించి ఆయన అమెరికాకు వెడలెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున పెక్కేండ్లు పరిశోధించి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరెను. అచ్చటి ఆయన బృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది దివ్యౌషధమయ్యెను.

అయితే రక్తకాన్సరు గల పిల్లలకు ఆ జాతి మందు నిచ్చినపుడు వ్యాధి పెరుగుచున్నట్లు వైద్యుడు సిడ్నీ ఫార్బరు గమనించెను. ఫోలికామ్లము కణములను పెంచునదైనచో, దానిని పోలియుండి దాని పనిని అడ్డగించు పదార్థము రోగకణములను అణచవలెను గదా! సుబ్బారావు బృందము అట్టి పదార్థమైన అమినోప్టెరిన్‌ను సిద్ధపరచెను. దానివలన కొందరు పిల్లలకు కొంతకాలము ఉపశమనము కలిగెను.

1948 ఆగస్టులో సుబ్బారావు మరణించెను. ఆ జాతిదే యగు మెథోట్రెక్సేటు కాలక్రమమున మరియొక మేలు చేసెను. మనలను కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ ఒక్కొక్కప్పుడు మన కీళ్లనే గాయపరచును. దానిని శాంతింపజేయుటకు నేడు వైద్యులు ఈ మందును వాడుచున్నారు. సోదరుని వ్యాధికై ఆరంభమైన అన్వేషణము ఇట్లు ఆయన ఎన్నడును ఎరుగని రోగులకు సైతము ఉపకరించుచున్నది.