ముట్టకయే మ్రోగు వాద్యము: లియో థెరిమిన్ జీవితము

మన కృష్ణాతీరమున సంగీతము వినబడని గ్రామము లేదు. నూజివీడు పనివారి చేతులలో రూపుదిద్దుకొనిన వీణ, నాటకపు పందిరిలో తెల్లవార్లు మ్రోగిన హార్మోనియము, శ్రీరామనవమి భజనలు, 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైన ఆకాశవాణి విజయవాడ కేంద్రపు భక్తిగీతములు మన పెద్దల చెవులకు అమృతప్రాయములు. వీనికి తోడుగ నేడు పెండ్లి ఊరేగింపులలోను, భజనమందిరములలోను మరియొక వాద్యము చేరినది. దానిని మనవారు కీబోర్డు అని పిలుచుచున్నారు. పాశ్చాత్యులు సింథసైజరు అని పిలిచిన యంత్రమునకు అది సంతానము. దానికి తంత్రి లేదు, చర్మము లేదు, గాలితిత్తి లేదు. విద్యుత్తే దాని ప్రాణము.

ఈ యంత్రముల వంశమును వెదకుచు వెనుకకు పోయినచో రష్యా దేశీయుడగు ఒక శాస్త్రజ్ఞుడు కనబడును. గాలిలో చేతులాడించి స్వరములు పలికించిన ఆ మనుష్యుడు ప్రపంచపు మహానగరములలో జేజేలందుకొనెను. పిమ్మట మంచుఎడారిలో ఖైదీయై గనులలో పనిచేసెను. చనిపోయెనని లోకము నమ్మిన చాలకాలమునకు తిరిగి కనబడెను. ఆయన చరిత్రమును మన గ్రంథాలయ పాఠకులు తెలిసికొనుట యుక్తము.

జననము – విద్యాభ్యాసము

లెవ్ సెర్గెయెవిచ్ తెర్మెన్ 1896 ఆగస్టులో సెంట్ పీటర్సుబర్గు నగరమున జన్మించెను. పాశ్చాత్య దేశములు ఆయనను లియో థెరిమిన్ అని పిలిచినవి. బాల్యముననే ఆయనకు రెండు విద్యలయం దాసక్తి కలిగెను. ఒకటి విద్యుచ్ఛాస్త్రము, రెండవది సంగీతము. చెల్లో యను పెద్ద వాయులీనమును అభ్యసించెను. విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రమును, ఖగోళశాస్త్రమును చదివెను. మొదటి ప్రపంచయుద్ధము వచ్చుటచే సైనిక రేడియో విద్యను కూడ నేర్చెను. ఈ మూడు విద్యలు ఒక్కని యందు కలియుటయే ఆయన భాగ్యము. సంగీతము తెలియని శాస్త్రజ్ఞుని చెవికి అది వట్టి రొద. శాస్త్రము తెలియని గాయకునికి అది వట్టి వింత. రెండును తెలిసిన థెరిమిన్‌కు అందులో ఒక వాద్యము కనబడెను.

వాద్యము పుట్టుక

విప్లవానంతరము, 1920లో, పెట్రోగ్రాడులోని ఆచార్య ఇయోఫే గారి పరిశోధనాలయమున ఆయన వాయువుల విద్యుద్గుణములను కొలుచు పనిలో నుండెను. అందుకై నిర్మించిన పరికరమునకు చెవిగొట్టములు తగిలించి వినుచుండగా, తన చేయి దగ్గరకు పోయినపుడు కూత హెచ్చుటయు, దూరమైనపుడు తగ్గుటయు గమనించెను. మరియొకడైనచో దోషమని విసుగుకొని చేయి వెనుకకు తీసికొనియుండును. థెరిమిన్ చేతిని మెల్లగ కదలించి, ఆ కూతలో తెలిసిన పాటను వెదకెను.

ఇందలి కిటుకు మన గ్రామములలో పాత రేడియో పెట్టె త్రిప్పినవారికి కొత్త గాదు. రెండు స్టేషనుల నడుమ ముల్లు నిలిచినపుడు ‘కూ’యను ఈల వినబడుట వారెరుగుదురు. రెండు విద్యుత్కంపనములు దగ్గర దగ్గరగ కలిసినపుడు వాని తేడా మాత్రము ధ్వనియై మనకు వినబడును. థెరిమిన్ పెట్టెలో రెండు డోలకములు గలవు. ఒకటి సెకనుకు 1,70,000 మారులును, రెండవది 1,69,560 మారులును కంపించుచున్నవనుకొందము. ఈ రెండును మన చెవికందని వేగములే. కాని వాని తేడా 440. అది చక్కగ వినబడు స్వరము. ఒక డోలకము స్థిరము. రెండవ దానికి నిలువుగ ఒక లోహపు కడ్డీ తగిలింపబడియుండును. మానవదేహము విద్యుత్తును కొంత నిలుపుకొను గుణము గలది గనుక, చేయి కడ్డీకి చేరువైన కొలది ఆ డోలకపు వేగము మారును, తేడా మారును, స్వరము హెచ్చును. ఎడమవైపున నున్న లోహపు వలయమునకు రెండవ చేతిని దగ్గరగ తెచ్చిన ధ్వని సన్నగిల్లును. దూరము చేసిన పెద్దదగును.

మన సంగీతము నెరిగినవారికి ఇందలి విశేషము వెంటనే తోచును. హార్మోనియమునకు మెట్లు గలవు. ఒక మెట్టునకును మరొక మెట్టునకును నడుమ నున్న శ్రుతులు దానికందవు, గమకము పలుకదు. ఆ లోపమును గూడ ఎత్తిచూపి ఆకాశవాణివారు 1940లో హార్మోనియమును వెలివేసి, 1971 వరకు లోనికి రానీయలేదు. థెరిమిన్ వాద్యమునకు మెట్లే లేవు. షడ్జము నుండి పంచమము వరకు జారుగ పోవచ్చును. వ్రేళ్ల వణకుతో స్వరమును ఊపవచ్చును. కాని ఈ స్వేచ్ఛయే దాని కష్టము. వీణకు మెట్టు ఆధారము, వాయులీనమునకు తంత్రి ఆధారము; దీనికి గాలియే ఆధారము. చెవి తప్ప వేరు గురువు లేదు.

రాజసభల నుండి మహానగరములకు

1922లో థెరిమిన్ తన వాద్యమును క్రెమ్లిన్ భవనమున లెనిన్ ఎదుట ప్రదర్శించెను. దేశమంతట విద్యుత్తు వెలుగవలెనని కోరుచుండిన లెనిన్‌కు ఈ వింత మిక్కిలి నచ్చెను. తానును చేయి యాడించి పాట పలికించుటకు యత్నించెను. పిమ్మట థెరిమిన్ సోవియట్ దేశమున అనేక పట్టణములలో ప్రదర్శనము లిచ్చెను. దూరదృశ్యమును తెరపై చూపు యంత్రమును గూడ 1926 నాటికి నిర్మించి చూపెను.

1927లో ఫ్రాంకుఫర్టు, బెర్లిను, పారిసు, లండను నగరములు ఆయనను చూచుటకు క్రిక్కిరిసినవి. ఆ సంవత్సరాంతమున న్యూయార్కు చేరి, 1928లో అమెరికాలో పేటెంటు పొందెను. ఆర్.సి.ఏ. కంపెనీవారు హక్కు కొని 1929లో వాద్యములను తయారుచేయ నారంభించిరి. ఎవరైనను ఇంట కూర్చుండి సులభముగ వాయింపవచ్చునని చాటిరి. అది నిజము కాదని కొన్నవారు త్వరలోనే గ్రహించిరి. అదే యేట అమెరికాలో ధనవిపణి కుప్పకూలెను. సుమారు 500 పెట్టెలతో తయారీ నిలిచిపోయెను.

వాద్యమునకు నిజమైన గౌరవము తెచ్చిన విదుషీమణి క్లారా రాక్‌మోర్. ఆమె బాల్యముననే వాయులీనమున అసమాన ప్రజ్ఞ చూపెను. కాని చేతి బాధచే కమాను విడువవలసి వచ్చెను. తంత్రి ముట్టలేని ఆ చేతికి ముట్టనక్కరలేని వాద్యము దొరకెను. థెరిమిన్ ఆమె కొరకు ప్రత్యేకముగ మేలైన వాద్యమును నిర్మించి యిచ్చెను. ఆమెను వివాహమాడ గోరెను గాని, ఆమె వేరొకరిని వరించెను.

1931లో స్వరకర్త హెన్రీ కోవెల్ కోరికపై రిథ్మికాన్ అను లయయంత్రమును థెరిమిన్ నిర్మించెను. ఒకే ఆవృత్తములో మూడు, నాలుగు, ఐదు, ఏడు దెబ్బలను ఏకకాలమున అది పలికింపగలదు. మన మృదంగ విద్వాంసుల భాషలో చెప్పినచో తిశ్రము, చతురశ్రము, ఖండము, మిశ్రము ఒక్కమారుగ నడచుట యన్నమాట. నేటి లయపెట్టెలకు అది పూర్వరూపము. నర్తకి అడుగులకు, చేతులకు అనుగుణముగ స్వరము పలుకు వేదికను గూడ ఆయన కల్పించెను. 1938లో లవీనియా విలియమ్స్ అను నీగ్రోజాతి నర్తకిని వివాహమాడగా, వర్ణభేదము పాటించు నాటి అమెరికాలో పలువురు మిత్రులు ఆయన ముఖము చూచుట మానిరి.

చెరసాల

ఆ సంవత్సరముననే థెరిమిన్ ఓడ నెక్కి స్వదేశము చేరెను. అప్పులు, పన్నుల బాకీలు ఆయన మెడకు చుట్టుకొనియుండెను. బలవంతముగ కొనిపోయిరని కొందరును, స్వేచ్ఛగనే పోయెనని కొందరును వ్రాసిరి. భార్య అమెరికాలోనే నిలిచిపోయెను. ఆ దంపతులు మరల కలిసికొనలేదు.

అది స్టాలిన్ పాలనలో భీతి రాజ్యమేలిన కాలము. 1939 మార్చిలో థెరిమిన్‌ను నిర్బంధించి, ఎనిమిదేండ్ల శిక్ష విధించి, కొలిమా ప్రాంతపు గనులకు పంపిరి. ఆ చలిలో వేలకు వేలు ఖైదీలు మడిసిరి. ఆయన చనిపోయెనని పాశ్చాత్యదేశములవారు నమ్మిరి. కాని శాస్త్రజ్ఞుడగుటచే కొలది కాలమునకు ఆయనను ఖైదీల పరిశోధనాలయమునకు మార్చిరి. విమాన నిర్మాత తూపొలేవ్, తరువాతికాలమున రాకెట్లను రూపొందించిన కొరొల్యోవ్ కూడ అట్టి చెరలోనే పనిచేసిరి.

అచ్చట ఆయన ప్రతిభ గూఢచర్యమునకు వినియోగింపబడెను. 1945 ఆగస్టులో సోవియట్ బాలబాలికలు మాస్కోలోని అమెరికా రాయబారికి కొయ్యతో చెక్కిన అమెరికా రాజముద్రను కానుకగ నిచ్చిరి. ఆయన దానిని గోడకు వ్రేలాడదీసెను. దాని గర్భమున థెరిమిన్ నిర్మించిన చెవి దాగియుండెను. అందు తీగ లేదు, బ్యాటరీ లేదు. వెలుపలి నుండి రేడియో కిరణము ప్రసరించినపుడు మాత్రమే ప్రాణము వచ్చి గదిలోని మాటలను చేరవేయును. 1952 వరకు దాని నెవరును కనిపెట్టలేకపోయిరి. స్వరమును గాలిలో పలికించిన విద్యయే మాటలను గాలిలో దొంగిలించినది! 1947లో ఆయనకు విడుదలయు, స్టాలిన్ బహుమతియు లభించినవి. అయినను రహస్యశాఖ కొలువు చాలకాలము తప్పలేదు.

మోగ్ – క్రొత్త వాద్యము

గురువు మరుగున నుండగా ఆయన వాద్యము శిష్యులను తానే వెదకికొనెను. న్యూయార్కు నగరమున రాబర్ట్ మోగ్ అను బాలుడు 14 ఏండ్ల వయసున ఒక పత్రికలోని పటమును చూచి థెరిమిన్‌ను స్వయముగ నిర్మించెను. 19 ఏండ్లకు తానే దానిపై పత్రికకు వ్యాసము వ్రాసి, తండ్రితో కలిసి ఆ వాద్యములను అమ్మ నారంభించెను. ఆ పనిలో గడించిన అనుభవముతో 1964లో హెర్బర్ట్ డాయిచ్ అను స్వరకర్త సహకారమున సింథసైజరును నిర్మించెను.

అది ఒక్క పెట్టె గాదు. అనేక చిన్న అంగముల కూర్పు. దీని తీరు మన డెల్టా రైతునకు చెప్పిన వెంటనే బోధపడును. బెజవాడ ఆనకట్ట వద్ద నీరు కాలువలలో ప్రవేశించి, లాకులు దాటి, తూముల గుండ పొలములకు చేరునట్లే, ఇందు విద్యుత్తు ప్రవహించును. డోలకము ధ్వనికి పుట్టుచోటు. వడపోత యంగము జల్లెడవలె కొన్ని ధ్వనులను ఆపి, కొన్నింటిని విడుచును. మరియొక అంగము తూము తలుపువలె ధ్వనిని మెల్లగనో, ఒక్కుమ్మడిగనో తెరచి మూయును. వీనిని తీగలతో వాయించువాడు తన యిచ్ఛవచ్చినట్లు కలుపుకొనును. కాలువ మార్చిన పంట మారినట్లు, తీగ మార్చిన నాదము మారును. ఒక వోల్టు పెంచిన స్వరము సరిగా ఒక స్థాయి పైకి పోవుట మోగ్ ఏర్పరచిన క్రమము.

1968లో వెండీ కార్లోస్ ఈ యంత్రముపై బాఖ్ కృతులను వాయించి వెలువరించిన రికార్డు దానికి జగద్విఖ్యాతి తెచ్చెను. మరుసటి యేడు అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు ఒక మోగ్ యంత్రము వచ్చెను. 1970లో చేత మోసికొనిపోదగిన మినీమోగ్ వెలువడెను. 1983లో వేర్వేరు కంపెనీల వాద్యములు ఒకదానితో నొకటి సంభాషించుటకు మిడి అను పద్ధతి ఏర్పడెను. పిమ్మట కంప్యూటరు యుగము వచ్చినను, తీగలతో కూర్చు పాత పద్ధతి నశింపలేదు. 1990ల నుండి క్రొత్త అంగములు మరల వెలువడుచు, దేశదేశముల యువకుల నాకర్షించుచున్నవి.

తుది దినములు

థెరిమిన్ వృద్ధాప్యమున మాస్కో సంగీతకళాశాలలో చేరి తిరిగి వాద్యములు నిర్మింప మొదలిడెను. 1967లో ఒక అమెరికా విమర్శకుడు ఆయనను అచ్చట చూచి, థెరిమిన్ జీవించియున్నాడని పత్రికలో ప్రకటించెను. కీర్తి వచ్చినందుకు ఉద్యోగము పోయెను. కళాశాలవారు ఆయనను వెడలగొట్టి, ఆయన వాద్యములను ధ్వంసము చేయించిరి. పిమ్మట మాస్కో విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర శాఖలో చిన్న ఉద్యోగముతో కాలము గడపెను.

చివరకు ద్వారములు తెరచుకొన్నవి. 1989లో ఫ్రాన్సునకును, 1991లో అమెరికాకును పోయెను. 95 ఏండ్ల వయసున క్లారా రాక్‌మోర్‌ను న్యూయార్కులో కలిసికొనెను. బాల్యమున తన వాద్యమును పత్రికలో చూచి నిర్మించిన మోగ్‌ను గూడ చూచెను. 1993 నవంబరు 3వ తేదీన, 97 ఏండ్ల వయసున, మాస్కోలో పరమపదించెను.

సోదరులారా! రాజులు ఆయనను మెచ్చిరి, బంధించిరి, మరచిరి. కంపెనీలు లాభము లేనిచో విడిచిపెట్టినవి. సంస్థలు ఆయన వాద్యములను పగులగొట్టినవి. ఆ వాద్యమును బ్రతికించినది మాత్రము కొన్ని అచ్చుపుటలే. ఒక పత్రికలో ఒక పటము, దానిని చదివిన ఒక బాలుడు – ఇంతే. ఇరువదియైదు సంవత్సరములుగ మన గ్రంథాలయపు బల్లలపై పరచిన పత్రికలలో ఏ పుట ఏ బాలుని చేతికి పనికల్పించునో ఎవరెరుగుదురు? ఆ పుటను భద్రముగ నుంచుటయే మన ధర్మము.