కారుకు ‘సెల్ఫ్’ ఇచ్చిన కెటరింగ్

ఇంట్లో పదిహేనేళ్ల నాటి కారు ఉంది. వారం రోజులుగా బయటికి తీయలేదు. ఇవాళ పొద్దున్నే మీకు ఇంటర్వ్యూ. తాళం తిప్పారు. ‘టక్’ అని ఒక్క చప్పుడు, అంతే. మళ్లీ తిప్పారు, మళ్లీ అదే టక్. ఇంజిన్ కదల్లేదు. పక్కింటి అంకుల్ వచ్చి బ్యాటరీ పోయిందంటారు. బాబాయి సెల్ఫ్ మోటార్ కాలిపోయిందని తేల్చేస్తారు. ఇంకొకరు నలుగుర్ని పిలిచి తోయిద్దాం అంటారు. మరి మీరేం చేస్తారు?

మెకానికల్, ఆటోమొబైల్, ఈఈఈ చదివిన వాళ్లను ఏ ఇంటర్వ్యూలోనైనా ఈ ప్రశ్న అడిగితే ఆశ్చర్యపోనక్కర్లేదు. చాలామంది గబగబా విడిభాగాల పేర్లు అప్పజెప్పేస్తారు. ముందు తేల్చాల్సింది అది కాదు. ఇంజిన్ తిరుగుతోందా, లేదా? తిరుగుతూ అందుకోకపోతే అది పెట్రోలు గొడవో, స్పార్కు గొడవో. అసలు తిరగనే తిరగకపోతే వాటి జోలికి వెళ్లక్కర్లేదు. బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటార్ దాకా ఉన్న దారిలోనే ఎక్కడో దొంగ దాక్కున్నాడు.

ఆ దారి వేసిన మనిషి చార్లెస్ కెటరింగ్. షెడ్డుకు వెళితే మెకానిక్ సెల్ఫ్ కొట్టు, సెల్ఫ్ అందుకోవట్లేదు అంటుంటాడు కదా, కరెంటుతో నడిచే ఆ సెల్ఫ్ స్టార్టర్‌ను కార్లలో నిలబెట్టింది ఆయనే. ఆయన కథ తెలిస్తే, తిరగని కారు ముందు నిలబడి ఎలా ఆలోచించాలో కూడా సగం తెలిసినట్టే.

ఆగిపోయిన చదువు

కెటరింగ్ 1876 ఆగస్టు 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, లౌడన్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర రైతు కుటుంబంలో పుట్టాడు. చురుకైన కుర్రాడే, కానీ చిన్నప్పటి నుంచీ కళ్లు బాగుండేవి కావు. ఎక్కువసేపు చదివితే భరించలేని తలనొప్పి. స్కూలు చదువయ్యాక కొన్నేళ్లు పల్లెటూరి బళ్లలో పాఠాలు చెప్పాడు. ఆ తర్వాత ఇంజినీరింగ్ చదువుదామని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరితే కళ్లు మళ్లీ మొరాయించాయి. చదువు మధ్యలో ఆపేసి ఇంటికి రావాల్సి వచ్చింది.

గ్యాప్ వచ్చిందని, రెజ్యూమెలో దాన్ని ఎలా కప్పిపుచ్చాలా అని దిగులు పడేవాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. ఆ గ్యాప్‌లో కెటరింగ్ చేసిన పని టెలిఫోన్ స్తంభాలకు గుంతలు తవ్వడం. లైన్లు లాగే ముఠాలో కూలీగా చేరి, కొద్దికాలానికే ఆ ముఠాకు పెద్ద అయ్యాడు. తీగలు, స్విచ్‌లు, బ్యాటరీలు చేత్తో పట్టుకుని నేర్చుకున్నాడు. లైను పనిచేయడం లేదంటే తెగింది ఎక్కడో కిలోమీటర్ల పొడవునా వెతుక్కుంటూ పోవడం కాదు, ఎక్కడి దాకా కరెంటు వస్తోందో ఒక్కో మజిలీలో చూసుకుంటూ పోవాలి. ఆ అలవాటు అక్కడే పడి ఉంటుందని నాకనిపిస్తుంది.

కళ్లు కాస్త కుదుటపడ్డాక మళ్లీ యూనివర్సిటీకి వెళ్లాడు. తోటి విద్యార్థులు పాఠాలు పైకి చదివి వినిపించేవారు, ఈయన విని గుర్తుపెట్టుకునేవాడు. 1904లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పట్టా చేతికొచ్చేసరికి వయసు దాదాపు 28.

గల్లా పెట్టె నేర్పిన పాఠం

మొదటి ఉద్యోగం డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో. దుకాణాల్లో లెక్క చూసే గల్లా యంత్రాలు తయారుచేసేవారక్కడ. అప్పట్లో ఆ యంత్రానికి పిడి ఉండేది. ప్రతి అమ్మకానికీ గుమస్తా దాన్ని తిప్పాలి. ఆ పిడి పీకేసి మోటార్ పెట్టే పని కెటరింగ్‌కు అప్పగించారు. పెద్ద యంత్రాన్ని తిప్పాలంటే పెద్ద మోటార్ కావాలి, అది పెట్టెలో పట్టదు. ఇదీ చిక్కు.

ఆయన చూసిన తీరు వేరు. ఫ్యాన్ మోటార్ గంటల తరబడి తిరగాలి కాబట్టి వేడెక్కకుండా దాన్ని పెద్దగా చేస్తారు. గల్లా మోటార్ తిరగాల్సింది క్షణకాలం. ఆ తర్వాత మళ్లీ గిరాకీ వచ్చేదాకా ఖాళీయే. అంత తక్కువసేపు చిన్న మోటార్‌తో దాని శక్తికి మించి పని చేయించినా కాలిపోదు. అలా చిన్న మోటార్ గల్లాలోకి వచ్చింది. కెటరింగ్ ప్రయోగశాలలోనే కూర్చునే రకం కాదు. సేల్స్ వాళ్లతో తిరిగి దుకాణదారులకు అసలు ఏం కావాలో కనుక్కునేవాడు.

అదే కంపెనీలో ఎడ్వర్డ్ డీడ్స్ అనే అధికారి ఉండేవాడు. ఆయన ఇంటి వెనకాల ఒక కొట్టం. ఆఫీసు అయ్యాక సాయంత్రాలు, సెలవు రోజుల్లో కెటరింగ్, మరికొందరు సహోద్యోగులు ఆ కొట్టంలో చేరి కార్ల ఇగ్నిషన్‌ను మెరుగుపరిచే పని పెట్టుకున్నారు. 1909లో కెటరింగ్ నిక్షేపంలాంటి ఉద్యోగం వదిలేశాడు. డీడ్స్‌తో కలిసి పెట్టిన ఆ కంపెనీ పేరు డెల్కో. డేటన్ ఇంజినీరింగ్ ల్యాబొరేటరీస్ కంపెనీకి అది పొట్టి పేరు. తొలి గిరాకీ క్యాడిలాక్ కార్ల సంస్థ, దాని అధిపతి హెన్రీ లీలాండ్.

హ్యాండిల్‌తో చేతులు విరిగేవి

అప్పటి కారును నడిపించాలంటే ముందుకెళ్లి ఇనుప హ్యాండిల్ గుచ్చి, బలమంతా పెట్టి తిప్పాలి. ఇంజిన్ ఒక్కోసారి ఎదురు తిరిగేది. హ్యాండిల్ విసురుగా వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది, దవడ పగిలేది. బొటనవేలిని పిడి చుట్టూ చుట్టొద్దని డ్రైవర్లకు ప్రత్యేకంగా చెప్పేవారు. అందుకే ఆ రోజుల్లో హ్యాండిల్ గొడవ లేని బ్యాటరీ కార్లకు మంచి గిరాకీ ఉండేది. అవును, ఎలక్ట్రిక్ కార్లు అప్పుడే రోడ్ల మీద ఉన్నాయి.

హ్యాండిల్ లేకుండా చేయమని లీలాండ్ అడిగాడు. ఇంజిన్‌ను తిప్పాలంటే దాదాపు ఇంజినంత మోటార్ కావాలని, దానికి తగ్గ బ్యాటరీ మోయడానికి ఇంకో బండి కావాలని విద్యుత్ నిపుణులు పెదవి విరిచారు. రోజంతా తిప్పాలంటే వాళ్ల లెక్క తప్పేం కాదు. కానీ తిప్పాల్సింది కొన్ని సెకన్లు! గల్లా పెట్టె పాఠమే కారుకు పనికొచ్చింది. చిన్న మోటార్, బలం పెంచే గేర్లు, క్షణాల్లో ధారాళంగా కరెంటు ఇవ్వగల బ్యాటరీ. ఇంజిన్ అందుకున్నాక అదే మోటార్ జనరేటర్‌గా మారి, ఖర్చయిన కరెంటును బ్యాటరీకి తిరిగి నింపేది. 1911 ఫిబ్రవరిలో క్యాడిలాక్ వాళ్లకు చూపించారు. 1912 మోడల్ కార్లలో సెల్ఫ్ స్టార్టర్, కరెంటు దీపాలు, ఇగ్నిషన్ అన్నీ ఒకే ఏర్పాటుగా వచ్చేశాయి. పేటెంట్ 1915లో చేతికందింది. బ్యాటరీ కార్లు వెనకబడటానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. ఇవాళ ఈవీ కంపెనీల్లో ఉద్యోగాల కోసం చూస్తున్న వాళ్లకు ఈ మలుపు తమాషాగా అనిపించవచ్చు.

ఇక మీ కారు దగ్గరికి

కెటరింగ్ ఊహ మీద కట్టిన వస్తువు కాబట్టే సెల్ఫ్‌కు ఒక బలహీనత ఉంది. చిన్న కారులో దాని సామర్థ్యం ఒక కిలోవాట్‌కు అటూఇటూ. కానీ ఆ కొద్ది క్షణాల్లో వంద, నూటయాభై ఆంపియర్లు లాగేస్తుంది. కోపంతో తాళం తిప్పి అలాగే పట్టుకున్నారంటే కాలిపోవడం ఖాయం. పది సెకన్లు దాటనివ్వకండి, మధ్యలో అర నిమిషమైనా ఆగండి.

ఇప్పుడు గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, హెడ్‌లైట్లు వేయండి. ఎవరినైనా ఎదురుగా నిలబెట్టి తాళం తిప్పండి. లైట్లు బాగా మసకబారినా, ఆరిపోయినా కరెంటు చాలడం లేదని అర్థం. బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా టెర్మినల్ వదులై ఉండాలి. టకటకటక అని వరసగా కొట్టుకుంటే అనుమానం బ్యాటరీ మీదికే ఎక్కువగా పోతుంది. లైట్లు చెక్కుచెదరకుండా వెలుగుతూ చప్పుడే లేకపోతే మీరిచ్చిన ఆర్డరు సెల్ఫ్ దాకా చేరట్లేదు. తాళం స్విచ్, రిలే, సోలెనాయిడ్‌కు వెళ్లే సన్నటి వైరు చూడాలి. లైట్లు బాగానే ఉండి ఒక్క టక్ మాత్రమే వస్తే సోలెనాయిడ్ కదిలింది, మోటార్ తిరగలేదు. లోపలి కాంటాక్టులు కాలడమో, మోటార్ బ్రష్‌లు అరిగిపోవడమో జరిగి ఉంటుంది. పానా పిడితో సెల్ఫ్ మీద మెల్లగా తట్టితే ఒక్కోసారి తిరుగుతుంది. దాంతో ఇంటికో, షెడ్డుకో చేరవచ్చు, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు.

పాత కార్లలో ఎక్కువగా మోసం చేసేది టెర్మినల్ మీద పేరుకునే తెల్లటి, పచ్చటి పొడి. ఆ తర్వాత ఇంజిన్‌కు, బాడీకి మధ్య ఉండే ఎర్త్ తీగ. ఓమ్ సూత్రం పరీక్ష రాయడానికే అనుకుంటాం కదా, ఇక్కడ చూడండి. తుప్పు వల్ల దారిలో 0.02 ఓమ్‌ల నిరోధం చేరిందనుకోండి. చిన్న బల్బు వెలగడానికి అది అడ్డే కాదు. 150 ఆంపియర్ల దగ్గర మాత్రం 3 వోల్టులు అక్కడే మాయం. 12 వోల్టుల బండిలో మూడు పోతే మిగిలేదేముంది? లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి బ్యాటరీ దారి బాగుందనుకోవడం అందుకే తప్పు.

మల్టీమీటర్ ఉంటే పని తేలిక. నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12కు దిగిందంటే దాదాపు ఖాళీ. తాళం తిప్పుతున్నప్పుడు బ్యాటరీ నెగెటివ్ మొనకు, ఇంజిన్ లోహానికి మధ్య కొలవండి. అర వోల్టుకు మించి చూపితే ఎర్త్ దారిలోనే లోపం. టెర్మినల్ విప్పాల్సి వస్తే ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్. అన్నీ సరిగ్గా ఉన్నా కదలకపోతే తాళం ఆపేసి, పై గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ తీసి కారును ముందుకూ వెనక్కూ కొద్దిగా ఊపండి. చక్రాలు గట్టిగా పట్టేసినట్టుంటే ఇంజినే బిగుసుకుని ఉండొచ్చు, ఇక సెల్ఫ్‌ను తిట్టి లాభం లేదు. మరొక బండి బ్యాటరీతో స్టార్టయి, మర్నాడు మళ్లీ మొండికేస్తే చార్జింగ్ చూడాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి.

ఆయనా తప్పులు చేశాడు

డెల్కో తర్వాత జనరల్ మోటార్స్‌లో కలిసిపోయింది. 1920 నుంచి 1947 దాకా అక్కడి పరిశోధనకు కెటరింగే పెద్ద. త్వరగా ఆరే కారు రంగులు, రైళ్లకు డీజిల్ ఇంజిన్లు ఆయన హయాంలో వచ్చినవే. 1923లో మాత్రం గట్టి దెబ్బ తగిలింది. నీళ్లు అక్కర్లేకుండా రాగి రెక్కలతో గాలికి చల్లబడే ఇంజిన్‌ను షెవర్లే కార్లలో పెట్టించాడు. ప్రయోగశాలలో బాగానే ఉన్నది ఫ్యాక్టరీలో నిలబడలేదు. తయారైనవి 759 కార్లు, కొన్నవాళ్ల చేతికి చేరింది వంద. వాటినీ వెనక్కి రప్పించారు. కెటరింగ్ రాజీనామాకు సిద్ధపడితే కంపెనీ అధ్యక్షుడు ఆల్ఫ్రెడ్ స్లోన్ వద్దన్నాడు.

ఇంకో తప్పు అంతకన్నా పెద్దది. ఇంజిన్‌లో వచ్చే నాకింగ్ చప్పుడుకు కెటరింగ్ ఇగ్నిషనే కారణమని కొందరు వేలెత్తి చూపారు. నిందను పక్కకు నెట్టకుండా ఆయన వెతికాడు, లోపం ఇంధనంలో ఉందని తేల్చాడు. అక్కడి దాకా భేష్. విరుగుడుగా ఆయన కింద పనిచేసే థామస్ మిడ్‌గ్లీ 1921లో సీసం కలిసిన రసాయనాన్ని పట్టుకున్నాడు. సీసం విషమని అప్పటికే తెలుసు. ఆల్కహాల్ కలిపినా నాకింగ్ తగ్గుతుందనీ వాళ్లకు తెలుసు. అయినా సీసాన్నే అమ్మారు, ఆ అమ్మకానికి పెట్టిన ఇథైల్ కంపెనీకి తొలి అధ్యక్షుడు కెటరింగే. 1924లో న్యూజెర్సీ ప్లాంటులో ఆ విషం సోకి ఐదుగురు కార్మికులు చనిపోయారు. మన దేశంలో సీసం పెట్రోలు 2000లో ఆగింది. చిన్న మోటార్‌ను ఎంతసేపు తిప్పాలని అంత చక్కగా అడిగిన మనిషి, ఈ పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుందని అంత గట్టిగా అడగలేదు. గొప్పవాళ్ల కథల్లో ఈ భాగం దాటేయడం మనకు అలవాటు, అది మంచిది కాదు.

తరగతి గది, కార్ఖానా కలిసి నడవాలన్నది ఆయన గట్టి నమ్మకం. కొన్ని నెలలు చదువు, కొన్ని నెలలు కంపెనీలో పని అనే కో-ఆప్ పద్ధతిని జీవితాంతం సమర్థించాడు. మిషిగన్‌లోని ఫ్లింట్‌లో అదే పద్ధతిలో నడిచే విద్యాసంస్థకు 1998లో కెటరింగ్ యూనివర్సిటీ అని పేరు పెట్టారు. 1945లో స్లోన్‌తో కలిసి న్యూయార్క్‌లో క్యాన్సర్ పరిశోధన సంస్థను నెలకొల్పాడు. మరుసటి ఏడాది ఆయన భార్య ఆలివ్ ఆ జబ్బుతోనే కన్నుమూసింది.

కెటరింగ్ 1958 నవంబరు 25న డేటన్‌లో మరణించాడు. ఇంచుమించు అదే కాలంలో మన రోడ్ల మీదికి అంబాసిడర్ వచ్చింది. దానికి సెల్ఫ్ ఉంది. బంపర్ మధ్యలో హ్యాండిల్ దూర్చే బెజ్జం కూడా ఉంది. మీ తాతగారి తరంలో ఆ కారు నడిపినవాళ్లెవరైనా ఉంటే అడిగి చూడండి, చలికాలం పొద్దున డిక్కీలోంచి ఆ హ్యాండిల్ తీసిన రోజులు చెబుతారు. బొటనవేలు ఎక్కడ పెట్టాలో కూడా చెబుతారు.